పసుపు కవరు మీద ఎర్ర వేళ్లు

గురువారం ఉదయం మెట్లెక్కి వచ్చిన ఆశమ్మ కుర్చీలో కూర్చోలేదు. కొంగులో చుట్టి తెచ్చిన సెల్‌ఫోన్‌ను బల్ల మీద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగి నిలబడింది.

“నా కొడుకు నవీన్ ఫోను మేడం. వాడు లారీ కింద పడి పోయి మూడు నెలలైతుంది. మొన్న వాని తుపాకి మల్ల పేలిందంట. ఫోను మీద సూడుండ్రి, నెత్తుటి వేళ్లు.”

వెంట వచ్చిన కూతురు కృప తల్లి మోచెయ్యి పట్టుకుంది.

ఆర్మూరు పక్కన పెర్కిట్‌లో టైర్ల దుకాణం పైనున్న ఆ గది లిదియాది. పన్నెండేళ్లు బీమా కంపెనీలో దొంగ క్లెయిములు పట్టి, ఆ తరువాత సొంతంగా ప్రైవేటు డిటెక్టివ్‌గా పనిచేస్తోంది. సహాయకుడు నర్సింలు వయసులో ఆమెకన్నా ఇరవై ఏళ్లు పెద్ద. ఒకప్పుడు హోంగార్డు. లిదియా కంటికి కనబడనిది ఉండదని అతని నమ్మకం. అడిగినా అడగకపోయినా అందరికీ చెబుతుంటాడు.

లిదియా ఫోన్‌ను అంచులు పట్టి తిప్పి చూసింది. వెనక రబ్బరు కవరు ముదురు పసుపు. దాని మీద రెండు పక్కలా రెండు బొటనవేళ్ల ముద్రలు, ఇటుకరాయి ఎరుపులో.

“కవరు కొన్నప్పుడు ఏ రంగు?”

“తెలుపు. అమ్మ గోదాంల పసుపు కొమ్ములు ఏరి వస్తది, వచ్చి రోజూ పట్టుకుంటది. మా ఇంట్ల తెల్లగ ఏం మిగల్లేదు మేడం,” అంది కృప.

“తుపాకి పేలడమేమిటి?”

కృప వివరంగా చెప్పింది. ఫోన్లలో నూరుమంది ఒకే మైదానంలోకి దిగి, చివరికి మిగిలినవాడు గెలిచే ఆట అది. నేల మీద దొరికే తుపాకులు మామూలువి. సొంతంగా తుపాకి తయారుచేసుకున్నవాడు ఆట మధ్యలో కబురు పెడితే ఆకాశం నుంచి పెట్టె దిగుతుంది, అందులో అతని తుపాకి ఉంటుంది. గొట్టం, దుర్బిణి, పిడి, పైన రంగు, ఒక్కొక్కటీ ఆడి సంపాదించాలి, లేదా కొనాలి. నవీన్ కొనలేదు. సీజనులో పసుపు ఉడికించే డ్రమ్ముల దగ్గర పని అతనిది. ఒక డ్రమ్ము ఉడికేలోపు ఒక ఆట. అలా రెండు సీజన్లు ఆడి ఆ తుపాకిని పూర్తి చేశాడు. దానికి పేరు కూడా పెట్టాడు.

“నా పేరే,” అంది ఆశమ్మ. “నాకు చెప్పనే లేదు. నరేష్ అని వాని దోస్తు, గా ఆటల సచ్చిపడి ఉరుక్కుంట మా ఇంటికొచ్చిండు. ‘ఆశమ్మ చేతిలో పడ్డావు’ అని రాసొచ్చిందంట ఫోన్ల.”

ఆమె బల్ల మీది ఫోన్ వైపు వేలు చూపించింది.

“ఎవడో నా పేరు పట్టుకొని పోరగాండ్లను కాలుస్తున్నడు. ఆదివారం పోటీ ఉందట. అందరి ముంగట మల్ల కాలుస్తడు. గంతకు ముందే నా కొడుకుది నాకు ఇప్పియ్యిండ్రి.”

“మేడం చేతికొచ్చింది గద. ఇగ ఫికర్ చెయ్యకు ఆశక్కా,” అన్నాడు నర్సింలు.

లిదియా ఆట తెరవబోతే, నవీన్ ఖాతా పాస్‌వర్డ్ మారిన తేదీ కనబడింది: అతను పోయిన నలభయ్యో రోజు. మార్చాలంటే ఈ ఫోన్‌కే ఒక అంకె మెసేజిగా వస్తుంది. ఆ వెంటనే ఖాతాకున్న ఫోన్ నంబరును కూడా ఎవరో మార్చేశారు. ఫోన్ ఇల్లు దాటలేదు. తల్లి ఫొటోలు చూసుకుంటుందని కృపే దాని లాక్ తీసేసింది. ఆ రోజు ఇంటి ముందు ఆదరణ కూడిక, పోయినవాడి ఇంటివాళ్ల కోసం చేసే ప్రార్థన, జరిగింది. ఫోన్ లోపలి గదిలో చార్జింగులో ఉంది.

“ప్రార్థన నడుస్తుంటే ఫోను టింగుమన్నది,” అంది కృప. “కండ్లు మూసుకొని ఉన్న. తర్వాత చూస్తే మెసేజ్ ఏం లేదు.”

“కళ్లు మూసుకోనివాళ్లు ఎవరు?”

ముగ్గురు. ప్రార్థన అలవాటు లేనివాళ్లు, గౌరవంగా అవతల నిలబడ్డారు. నరేష్, మొబైల్ రిపేరు చేసే ఎంకటి, కుర్చీలూ టెంటూ ఉచితంగా వేయించిన గేమింగ్ సెంటర్ దయానంద్. ఆదివారం పోటీ పెడుతున్నది కూడా దయానందే. పోటీ పేరు ‘నవీన్ స్మారక కప్పు’.

మధ్యాహ్నం లిదియా, నర్సింలు ఆ ముగ్గురినీ చూడడానికి స్కూటరు మీద ఆర్మూరులోకి వెళ్లారు.

నరేష్ కళ్లు ఎత్తలేదు. “నేనైతే నాకు నేనే సచ్చి, ఉరికొచ్చి చెప్తనా మేడం? గా పేరు కాల్చేటోనికి కనబడది. పడ్డోనికే కనబడ్తది. వాడు గట్లనే సెట్ చేసిండు. మాకు సుత చెప్పలే.”

“పోటీలో నువ్వు ఆడుతున్నావా?”

“ఆడుత. వాడుంటే మేమే గెలుస్తుంటిమి.”

ఎంకటి బుగ్గన పాన్ ఉంది. పెదవులు ఎర్రగా పండాయి. నర్సింలు లిదియా వైపు అర్థవంతంగా చూశాడు. ఎంకటి పాన్‌డబ్బా నుంచి తెచ్చుకున్న కాగితం పొట్లం విప్పి, చుట్టి ఉన్న ఇంకో కిళ్లీని తీసి నోట్లో పెట్టుకున్నాడు.

“ఫోనా? గా దినం వాళ్లింటికే పోయి గ్లాసు మార్చిన. కృప చేతికే ఇచ్చిన. పైసల్ తీస్కోలే. ఇంకేం చెప్పాలె?”

దయానంద్ గేమింగ్ సెంటర్ ముందు నవీన్ నిలువెత్తు ఫ్లెక్సీ కడుతున్నారు. దయానంద్ కుర్చీ వేయించి, చాయ్ తెప్పించాడు. జేబులోంచి రెండు మూతల డబ్బీ తీసి, మాట్లాడుతూనే అరచేతిలో తంబాకు నలుపుకున్నాడు.

“నవీన్ నా తమ్ముని లెక్క. వాడున్నన్ని దినాలు నేను రెండో నంబరే. గయినా ఎన్నడు కడుపుమంట పడలే.”

“ఆ రోజు ఫోన్ చూశారా?”

“నేను లోపటికే పోలేదు మేడం. కుర్చీల కాడ నిలబడ్డ. ఫోను ఎట్లుంటదో సుత తెల్వది.”

“ఆదివారం మీరు ఆడుతున్నారా?”

“తమ్ముని యాదికి. ఆడకుంటె మంచిగుండది.”

బయటికి వచ్చాక నర్సింలు అన్నాడు: “పాన్ తినేటోడే మేడం. ఎర్ర వేళ్లు.”

“ఎంకటి వేళ్లు శుభ్రంగా ఉన్నాయి నర్సింలు గారూ. ఒక పని చేయండి. పోటీ కరపత్రాలు ఒక కట్ట తెచ్చి, ఆశమ్మ పనిచేసే గోదాములో పసుపు దుమ్ము మధ్య శనివారం దాకా ఉంచండి.”

ఎందుకని నర్సింలు అడగలేదు.

ఆదివారం పదింటికి ఫంక్షన్ హాలు నిండింది. ఆట మొదలయ్యే ముందు లిదియా, నవీన్ తల్లి తరఫున, వేదిక మీదికి ముగ్గురినీ పిలిచింది. నర్సింలు తలా ఒక కరపత్రం ఇచ్చాడు. కాగితాలు పసుపుపచ్చగా ఉన్నాయి. ఆర్మూరులో అది ఎవరూ పట్టించుకునే సంగతి కాదు. దయానంద్ తంబాకు దవడన పెట్టుకుని, చెయ్యి దులుపుకుని కరపత్రం అందుకున్నాడు. ఆశమ్మ, కృప ముందు వరసలో ఉన్నారు.

లిదియా జరిగినదంతా వరసగా చెప్పింది. తుపాకి, నలభయ్యో రోజు, ప్రార్థన మధ్యలో మోగిన ఫోన్. తరువాత కరపత్రాలు పైకెత్తి చూపించమంది.

నరేష్ కాగితం పసుపుగానే ఉంది. ఎంకటిదీ అంతే. దయానంద్ కాగితం మీద, అచ్చయిన నవీన్ ముఖానికి పక్కనే, ఎర్రటి బొటనవేలి గుర్తులు పడ్డాయి.

“పసుపుకు సున్నం తగిలితే ఎరుపు. ఇక్కడ చిన్నపిల్లలకు కూడా తెలుసు,” అంది లిదియా. “కానీ పసుపులోనే బతికేవాళ్లకు పసుపు కనబడదు. ఆశమ్మ ఆ కవరును తన చేతులే పసుపు చేశాయని మరిచిపోయింది. అందుకే నెత్తురనుకుంది. ఎంకటి కట్టిన కిళ్లీ కొంటాడు, సున్నం ముట్టడు. దయానంద్ డబ్బీకి రెండు మూతలు. ఒకవైపు తంబాకు, ఒకవైపు సున్నం. ఫోన్ ఎలా ఉంటుందో తెలియదన్న మనిషి వేళ్లు దాని మీద ఎలా పడ్డాయి?”

దయానంద్ కాగితం మడవబోయాడు.

“మడత పెట్టకండి. మీ ఫోన్‌లో ఆట తెరవండి.”

“అది నా పర్సనల్.”

“తెరువన్నా,” అన్నాడు నరేష్. “నువ్వు తెరిచేదాంక ఇక్కడ ఎవ్వడు ఆడడు.”

హాల్లో ఫోన్లు ఒక్కొక్కటిగా బల్లల మీద బోర్లా పడ్డాయి. దయానంద్ జేబులోంచి ఫోన్ తీసి ఆట తెరిచాడు. నవీన్ ఖాతాయే. ఆటగాడి పేరు మాత్రం మారింది.

“సచ్చిపోయినోనికి తుపాకి ఎందుకు?” అన్నాడు. “రెండేండ్ల కష్టం ఊకె పోతదని తీసిన. వాని పేరు మీద కప్పు పెట్టలేదా? కుర్చీలు ఎయ్యలేదా?”

లిదియా గొంతు పెంచలేదు.

“కష్టం ఎవరిది? డ్రమ్ముల ఆవిరిలో కూర్చుని ఆడినవాడిది. మీరు చేసిందల్లా, ఇరవైమంది ఈ తల్లి కోసం కళ్లు మూసుకుంటే, ఆ కాసేపట్లో లోపలికి వెళ్లడం. బయట అతని బొమ్మ కట్టి, లోపల అతని తుపాకితో గెలవాలనుకున్నారు. దాని పేరేమిటో కూడా మీకు తెలియదు. కాల్చేవాడికి కనబడదు కదా. ఆమెను అడగండి.”

ఆశమ్మ లేచింది.

“కుర్చీలు యేసినవని గా దినం నీకు దండం పెట్టిన బిడ్డా. గా దండం వాపస్ తీస్కుంటున్న.”

ఖాతా అక్కడికక్కడే నవీన్ ఫోన్‌కు తిరిగి వచ్చింది. సైబర్ పోలీసులకు ఫిర్యాదు రాసి లిదియా సంతకం చేయించింది. కప్పు పోటీ జరగలేదు. పిల్లలు ఫ్లెక్సీని చింపకుండా విప్పి, చుట్టి ఆటోలో పెట్టారు.

మెట్ల దగ్గర ఆశమ్మ నరేష్‌ను ఆపింది.

“నా పేరు నేనింకా చూడలే. ఒక్కసారి చూపిస్తవా?”

నరేష్ లిదియా వైపు చూశాడు. పడినవాడికే కనబడే పేరు అది. అతను తన ఫోన్ తెరిచి, సాధన మైదానంలోకి దిగి, ఆ ఫోన్‌ను ఆశమ్మ చేతిలో పెట్టాడు. కృప తన అన్న నవీన్ ఫోన్‌లో తుపాకికి కబురు పెట్టింది. పెట్టె దిగింది. నరేష్ బొమ్మ కదలకుండా నిలబడింది.

“కాల్చు కృపా,” అన్నాడు నరేష్.

ఒక్కటే తూటా. ఆశమ్మ చేతిలోని తెర చీకటై, తెల్లటి అక్షరాలు వచ్చాయి. ఆమె చదువు మూడో తరగతి. వేలు పెట్టి, ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంది. పైకి చదవలేదు. అక్షరాలు మాయమైన తరువాత కూడా ఆ వేలు అక్కడే ఉంది.

“ఇంకోపారి చూస్తరా పెద్దమ్మా? నేను మల్ల పడ్త,” అన్నాడు నరేష్.

“వద్దు బిడ్డా,” అంది ఆశమ్మ. “నువ్వు పడొద్దు.”

నర్సింలు స్కూటరు తాళంచెవి కోసం జేబులన్నీ వెతుక్కున్నాడు. అది అతని చేతిలోనే ఉంది.