చల్లగా ఉన్న సినిమా

హాలు మెట్లు దిగుతూనే గౌరీశ్వరి అడిగిన మొదటి మాటకు తాతబాబు గుండె జారింది.

“సినిమా ఎలాగుందండి?”

తెర మీద పేర్లు పడటం అతనికి గుర్తుంది. ఆ తరువాత హాల్లో జనం లేచి వెళ్ళిపోతుండటం గుర్తుంది. ఆ రెంటికీ మధ్య ఏమీ లేదు. ఇంటర్వెల్ కూడా లేదు.

“బాగుందండి,” అన్నాడు.

స్టీల్ ప్లాంటులో బొగ్గు కాల్చే కోక్ ఓవెన్ల దగ్గర అతనితో పనిచేసేవాళ్ళకు వేసవిలో ఒక అలవాటు ఉండేది. నైట్ షిఫ్ట్ దిగి, ఇంటి రేకుల కింద ఉడికిపోలేక, తిన్నగా ఏసీ హాల్లో ఉదయం ఆటకు వెళ్ళి పడుకునేవారు. రెండువేల ఒకటి వేసవిలో వచ్చిన సినిమాలన్నీ తాతబాబు అలాగే ‘చూశాడు’. షిఫ్ట్ బస్సులో ఏ సినిమా గురించి అడిగినా అతని రివ్యూ ఒక్కటే: చల్లగా ఉంది. ఆ మాట బస్సులోనే కాదు, ఇంట్లో కాశమ్మ వదిన దగ్గర కూడా నవ్వులాట అయిపోయింది.

కానీ ఇవాళ అలా కాకూడదు. గౌరీశ్వరి వదినకు చెల్లెలి వరస. పెద్దవాళ్ళు కూర్చుని పెళ్ళిమాటలు మాట్లాడుకునేలోగా పిల్లలిద్దరూ ఒకరినొకరు చూసుకోవాలని వదినే ఈ ఏర్పాటు చేసింది. ఇద్దరికీ పక్కపక్క సీట్లు ఇచ్చి, తాను రెండు వరసలు ముందు కూర్చుని, వెనక్కి తిరగనని మాటిచ్చింది. అంతకుముందే మరిదిని హెచ్చరించింది: జనరల్ షిఫ్టని చెప్పాను, నైట్ల సంగతి ఎత్తకు. రాత్రిళ్ళు ఇంట్లో ఉండడన్న కారణంతో ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోయాయి. ఈ పిల్ల కళ్ళెత్తి చూసిన మొదటి చూపులోనే, ఇది మూడోది కాకూడదని అతను గట్టిగా కోరుకున్నాడు.

వదిన వాళ్ళిద్దరినీ జ్యూస్ షాపులో కూర్చోబెట్టి పక్కనున్న గాజుల కొట్లోకి వెళ్ళింది.

వెనక బల్ల దగ్గర కాలేజీ కుర్రాళ్ళు కొత్త సినిమాలను ఉతికి ఆరేస్తున్నారు. ఒకడు ఫస్టాఫ్ సాగదీశాడన్నాడు. ఇంకొకడు రైలు మీద ఫైటు కోసమే మళ్ళీ వెళ్తానన్నాడు. హీరో తల్లి వరదలో కొట్టుకుపోతుంటే ఏడుపు ఆగలేదని మూడోవాడు ఒప్పుకున్నాడు. తాతబాబు ఒక చెవి అటు పారేసి, ఆ మాటలన్నీ తనవిగా గౌరీశ్వరి ముందు పెట్టాడు. అబద్ధం చెప్పేటప్పుడు తన గొంతు మామూలుకంటే తియ్యగా ఉంటుందని అప్పుడే గమనించి సిగ్గుపడ్డాడు. అయినా ఆగలేదు.

ఆమె ద్రాక్షరసంలో స్ట్రా తిప్పుతూ అంతా విన్నది.

“వరదకాడ మీకూ ఏడుపొచ్చిందా?”

“కొంచెం.”

“ఆ వరద పక్క హాల్లో సినిమాదండి. మనం సూసింది కామెడీ. అమ్మెవరూ సచ్చిపోనేదు.”

ఇంకో అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. దాన్ని మోసే ఓపిక అతనికి లేకపోయింది.

“పడుకున్నానండి. నైట్ షిఫ్ట్ దిగి తిన్నగా వచ్చీసాను. జనరల్ షిఫ్ట్ కాదు నాది.”

ఎలాగూ మునిగానని తన రివ్యూ సంగతీ, బస్సులో వాళ్ళ నవ్వులూ, ఈ రాత్రి మళ్ళీ డ్యూటీ ఉందన్న సంగతీ కూడా చెప్పేశాడు. ఆమె లేచి వెళ్ళిపోవడం కోసం తల దించుకుని ఎదురుచూశాడు.

“పడుకున్నారని తెలుసు,” అంది గౌరీశ్వరి. “మీ తల నా భుజమ్మీదే ఉంది కదా. సెయ్యి ఇంకా తిమ్మిరిగుంది. సినిమా నానూ సరిగ్గా సూడనేదు. అక్క ఎక్కడ ఎనక్కి తిరుగుద్దోనని ఆవిడ జడే సూత్తన్నాను.”

“మరి లేపొచ్చు కదండి?”

ఆమె వాళ్ళ నాన్న గురించి చెప్పింది. ఫిషింగ్ హార్బర్ నుంచి మరపడవ మీద వేటకు వెళ్తే వారం పైనే రాడు. ఆయన వచ్చేదాకా అమ్మ గిన్నె ముందు కూర్చుంటుందేగాని ముద్ద మింగదు.

“నాన్న వచ్చి పడుకుంటే మేం టీవీ కట్టీసి గుసగుసలాడుకుంటాం. మనిషి నిద్దరోతన్నాడంటే ఒడ్డుకి సేరిపోయినట్టే మా ఇంట్లో. అలాగ పడుకున్నోడిని ఎవరు లేపుతారండి?”

“మరి నా నైట్లు...”

“పొద్దున్నకి వచ్చీస్తారు కదా.”

తాతబాబు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు.

కాశమ్మ కొత్త గాజుల మోతతో వచ్చింది. “ఏటే, సినిమా ఎలాగుంది?”

గౌరీశ్వరి భుజం నిమురుకుంది. “సల్లగుందక్కా.”

గాజుల మోత ఆగిపోయింది. కాశమ్మ నెమ్మదిగా మరిది వైపు తిరిగింది. “పడుకుండిపోయావా?”

“అరవకక్కా,” అంది గౌరీశ్వరి. “బావకి ఈ రేత్రి మళ్ళీ డ్యూటీ ఉంది. ఇంటికి తీసుకెళ్ళి పడుకోబెట్టు.”

బావ అన్న మాటకు కాశమ్మ కోపం కాస్తా ఎటో పోయింది. తాతబాబుకు మాత్రం నిద్ర పూర్తిగా వదిలిపోయింది.