పైడమ్మ పలుకుపెట్టె

గంధవతి రాజ్యానికి పెద్ద కష్టం వచ్చిపడింది. రాణి పుట్టింటికి వెళ్లిన సమయంలో గాండ్రాసురుడనే రాక్షసుడు ఆ దారి మధ్యనున్న కొండ కనుమను ఆక్రమించి, ఐదేళ్ల రాకుమారుణ్ణి శాపనిద్రలో ముంచాడు. తల్లి పిలుచుకునే ముద్దుపేరుతో మూడో రోజు సూర్యాస్తమయంలోగా పిలిస్తేనే పిల్లవాడు లేస్తాడు. ఆ పేరు రాజుకు తెలియదు. యుద్ధాలతోనే పొద్దు చాలని మనిషికి బిడ్డ ముద్దుపేరు ఎలా తెలుస్తుంది?

కంచరి నాగలింగం అంతకుముందే రెండు పలుకుపెట్టెలు చేశాడు. ఒకదానిలో మాట్లాడితే రెండోదానిలో సన్నగా వినిపిస్తుంది. ఒకటి రాణి వెంట వెళ్లింది. రెండోదాన్ని చూసి మంత్రి పెదవి విరిచి, ఏనుగంత పెట్టె చేయించాడు. దాని గొంతు రాక్షసుడికే ముందు వినబడింది. వాడు ఆ మాటలన్నీ గాలిలోనే మింగేశాడు.

మూడో రోజు ఉదయం నాగలింగం కూతురు పైడమ్మ కొబ్బరికాయంత ఉన్న ఆ రెండో పెట్టెనూ రాగితీగ చుట్టనూ తీసుకుని కొండెక్కింది. తీగ ఎత్తున ఉంటేనే పెట్టె పలుకుతుంది. దారానికి రాయి కట్టి మద్దిచెట్టు మీదికి విసిరింది. మూడుసార్లు రాయి ఆమె కాళ్ల దగ్గరే పడింది. నాలుగోసారి కొమ్మ దాటింది. తీగను పైకి లాగి, “రాణీగారూ! రాణీగారూ!” అని ఆగకుండా పిలిచింది. కనుమలోంచి రాక్షసుడి గర్జనలు తప్ప జవాబు లేదు.

తొర్రలోంచి ముసలి ఉడుము తల బయటపెట్టింది.

“ఏం పిల్లా, ఇందాకటి నుంచి పిలుస్తూనే ఉన్నావు. ఆవిడ పలికినా నీకు వినే తీరికేదీ?”

“నా పెట్టె గొంతు చిన్నది తాతా. అందుకే ఆపడం లేదు.”

“అయితే ముందు విను. ఆ రాక్షసుడి అరుపులోనే కదా నీ మాట కొట్టుకుపోతోంది? వాడూ ఊపిరి తీసుకోవాలిగా!”

పైడమ్మకు సిగ్గేసింది. నోరు మూసుకుని చెవి పెట్టింది. నిజమే, గర్జనకూ గర్జనకూ నడుమ నాలుగు అంకెలు లెక్కపెట్టేంత నిశ్శబ్దం ఉంది. ఆ సందులో “బాబు ముద్దుపేరు చెప్పండమ్మా” అని ఒక్కసారి పలికి ఊరుకుంది.

ఇంతలో నేల అదిరింది. తీగ మెరుపు చూసి గాండ్రాసురుడే వచ్చాడు! పైడమ్మ గబగబా ఓణీ తీగ మీద ఆరేసి, పెట్టె మీద కూర్చుంది.

“ఏమిటే ఇది?”

“బట్టలారేసుకునే తీగ, మామా.”

పెట్టె ఇప్పుడు పలికిందంటే అంతే సంగతులు. రాక్షసుడు తీగను వేలితో మీటి, పకపకా నవ్వి వెళ్లిపోయాడు. మళ్లీ గర్జనలు మొదలయ్యాయి. ఏడో సందులో పెట్టెలోంచి సన్నని గొంతు వచ్చింది. “పిచ్చుక... నా పిచ్చుక.”

పైడమ్మ కోటకు పరుగెత్తేసరికి పొద్దు వాలుతోంది. పేరు వినగానే రాజు, “పిచ్చుకా!” అని యుద్ధభూమిలో పిలిచినట్టు పిలిచాడు. గోడలు మోగాయి. బిడ్డ కదల్లేదు.

“అమ్మ అలా పిలవదు ప్రభూ. ఒళ్లోకి తీసుకుని మెల్లగా పిలవండి.”

కత్తి పట్టిన చేతులకు బిడ్డను ఎత్తుకోవడం చేతకాలేదు. ఎలాగో ఒళ్లోకి తీసుకుని చెవి దగ్గర గుసగుసగా పిలిచాడు. పిల్లవాడు కళ్లు తెరిచాడు.

“నాన్నా, ఆ పేరు నీకెవరు చెప్పారు?”

రాజు అందరి ముందూ ఏడ్చేశాడు.

శాపం విరగడంతో గాండ్రాసురుడి గొంతు పోయింది. వాడు కనుమ వదిలి పారిపోయాడు, రాణి తిరిగొచ్చింది. పైడమ్మ కొండ మీద పలుకుపెట్టెల కొలువుకు అధికారిణి అయింది. రాజు మాత్రం రోజూ సాయంత్రం సభ చాలించి, కొడుకు చెప్పే కబుర్లు మధ్యలో ఒక్క మాటైనా అడ్డువేయకుండా వింటూ కూర్చునేవాడు.