మూడో సాలులో తడి

"మేడమ్, మట్టి లోపల నీళ్ళు ఎటు వోతయో మీ లాప్‌టాప్ జెప్తదా?" అని నా మనవడు అన్వేష్ అడిగినరోజే అనుకున్నాను, ఈ ఇద్దరికీ పొసగదని.

ఆ పిల్ల పేరు శ్రీలేఖ. అల్వాల్‌లో ఉండే ఆంధ్రావాళ్ళ అమ్మాయి, సేద్యం మీద ఏదో పెద్ద చదువు. శామీర్‌పేటలో మా వంకాయ తోట కింద జానెడు లోతున డ్రిప్ పైపులు పాతించి, సాలుకొక సెన్సర్ గుచ్చింది. పైన మట్టి పొడిగానే ఉంటుందట, నీళ్ళు కింద వేళ్ళకే అందుతాయట. తడి ఎంత దూరం పాకుతుందో లాప్‌టాప్‌లో ముందే బొమ్మ గీసింది. సెన్సర్ చెప్పేది ఆ బొమ్మతో కలిస్తేనే ఆమె చదువు గట్టెక్కేది.

మిగతా అన్ని సాళ్ళూ కలిశాయి. మూడో సాలు మాత్రం కలవదే!

"సెన్సర్ రోజూ పొద్దున్నే ఇక్కడ పైన తడి చూపిస్తోంది, ఎలాగండీ? మీరే పోస్తున్నారు కదూ?"

"నాకేం పనిలేదా? మీ బొమ్మనే తప్పు. మా భూమి సంగతి నాకు ఎర్కలేదా?"

"తెలిస్తే లోపల ఎంత తడి ఉందో చెప్పండి చూద్దాం!"

"నేనేమన్న ఎలుకనా, లోపలికి వోయి చూసొస్తందుకు?"

పిల్లకు నవ్వొచ్చింది. కోపంలో ఉన్నానని గుర్తొచ్చి మింగేసింది. వాడది చూడనే చూశాడు, అటు తిరిగి మీసం దువ్వుకున్నాడు.

నెలరోజులు ఇదే వరస. నాకు తల వాచిపోయింది. పోనీ ఎడంగా ఉంటారా అంటే, సోమవారం రావలసిన పిల్ల ఆదివారమే బస్సు దిగేది. వీడికి సరిగ్గా అప్పుడే బస్టాప్ దగ్గర పని పడేది.

ఆ గురువారం ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "రేపు మా సార్ వస్తారు. లెక్క కలవకపోతే పైపులు పీకించేస్తారు. నేనిక రాను."

వాడి మొహంలో నెత్తురుచుక్క లేదు. "అవ్వ మీద ఒట్టు, నేను పొయ్యలే."

నా మీద ఒట్టట! ఇక ఆగలేకపోయాను.

"నేనే వోసిన బిడ్డా."

"ఏందవ్వా!"

"ఏం జెయ్యాల్రా? డెబ్బై ఏండ్ల సంది ఎండిన మట్టి కనవడితె నా చెయ్యి ఊకోదు. రోజు పొద్దుగాల వాకిట్ల సాన్పి జల్లినంక బకెట్ల మిగిలిన నీళ్ళు గా సాలుకు వోసిన, చెట్లు దూపగొన్నయేమో అని. మీ లొల్లి జూసినంక చెప్పనీకి భయమైంది."

శ్రీలేఖ నెత్తి పట్టుకుని గట్టుమీద కూలబడింది.

అన్వేష్ పార తెచ్చి, నేను నీళ్ళు పోయని నాలుగో సాలు పక్కన గుంట తవ్వాడు. పైన పొడిమట్టి. కింద పైపు చుట్టూ ఉల్లిగడ్డలా నల్లటి తడి, అందులోకి దిగిన తెల్లటి వేళ్ళు. ఆమె లాప్‌టాప్ తెచ్చి పక్కన పెట్టింది. అచ్చం అదే బొమ్మ!

"నీ బొమ్మ కరెక్టే. నాదే తప్పు," అన్నాడు వాడు మెల్లగా. 'మేడమ్' ఎటు పోయిందో!

మర్నాడు సార్ గుంట చూసి, నా కథ విని నవ్వీ నవ్వీ, ఇంకో పంటకాలం కూడా కొలవమన్నాడు.

ఆయన వెళ్ళగానే వీడు గొంతు సవరించుకున్నాడు. "గీ పైపు ఎన్నేండ్లుంటది?"

"పదేళ్ళు."

"గట్లయితె పదేండ్లు కొలువు. తర్వాత కొత్త పైపు ఏస్త."

పిల్ల తల ఎత్తలేదు. "ఆ మాట మా నాన్నగారికి చెప్పండి," అంది.

మొన్న పిల్ల తండ్రి వెంకటేశ్వరరావుగారు వచ్చి, మా వంకాయ కూర రెండుసార్లు వడ్డించుకుని సరేనన్నారు. సంతోషమే. కానీ నెలరోజులు ఒక్క మాట మీదికి రానివాళ్ళు, ఒక్కటై చేసిన మొదటి పనేమిటో తెలుసా?

నా బకెట్ దాచేశారు.