పదిహేడు మంది పట్టిన గది

ఆ ఉదయం మాంగెరె పేట మీద మబ్బు కురవకా కదలకా వేలాడుతోంది.

సర్కారు ఇళ్ళ ఆఫీసులో పనిచేసే కుర్రాడు లాఫాయెలె, మామ్మగారి పాత ఫ్లాటు కొలవడానికి వచ్చాడు. లేజరు మీటరులో అంకెలు చూసుకుంటూ, చాప మీద కూర్చున్న ఆవిడ ముందు నుంచే నిటారుగా నడిచిపోయాడు.

"ఏం సారూ, పెద్దవాళ్ళ ముందు నడుం వంచాలని మీ ఇంట్లో చెప్పలేదా?" అంది మనవరాలు ఫిలేము.

సమోవా కుటుంబంలో పుట్టి చెయ్యకూడని తప్పు. "తులౌ, మన్నించండి" అంటూ గబుక్కున వంగాడు. నుదురు బల్లకు కొట్టుకుంది. ఫిలేము నవ్వు దాచుకోలేదు.

కట్టబోయే ఫ్లాటు ప్లాను చాప మీద పరిచాడు. "ఇక్కడ పడకగదులు రెండే. అక్కడ నాలుగు."

"మరి హాలు?" అంది మామ్మ.

"చిన్నదే. ఇప్పుడన్నీ అంతే మామ్మగారూ."

"యాభై ఏళ్ళ కిందట పదిహేడు మందిమి ఈ హాల్లోనే పడుకున్నాం నాయనా. సాయంత్రం ప్రార్థనకి గోడలకి వీపులానించి గుండ్రంగా కూర్చునేవాళ్ళం. ఇప్పటికీ పిల్లలంతా వస్తారు. వాళ్ళనెక్కడ కూర్చోబెట్టను? నేను రాను."

ఈ కట్టడం ఎలాగూ కూలుస్తారు. కొత్త ఫ్లాటుకి ఆవిడ సంతకం పెట్టకపోతే ఊరవతల ఎక్కడిస్తే అక్కడికి పోవాలి. వెంట ఫిలేము కూడా. ఆ రెండో సంగతే అతనికి మింగుడు పడలేదు.

ఆ వారంలో మూడుసార్లు మళ్ళీ కొలవడానికి వచ్చాడు.

"గది రోజూ పెరుగుతోందా సారూ?" అంది ఫిలేము.

నాలుగోసారి వానలో తడిసి వచ్చాడు. చొక్కా లోపల నుంచి కొత్త ప్లాను తీశాడు. "హాలు పక్క గోడ తీసేయొచ్చని ఇంజనీరు ఒప్పుకున్నాడు. ఇరవై మంది కూర్చోవచ్చు. కాని ఫిలేము గది పోతుంది."

"పోనీండి," అంది ఫిలేము, ప్లాను మీంచి చూపు ఎత్తకుండా. "అడగాల్సిన మనిషి అడిగితే, ఆ గదిలో నేనెన్నాళ్ళుంటాను గనక?"

అతను ప్లాను చుట్టి, మళ్ళీ విప్పాడు.

"అడుగు నాయనా," అంది మామ్మ. "నాకు చెవుడు లేదు. ఓపికే తక్కువ."

పెళ్ళి మాట అడిగాడు. ఫిలేము తలూపింది.

మామ్మ సంతకం పెట్టి, మెల్లగా లేచి పాత గోడకు అరచెయ్యి ఆనించింది. "ఎంతమందిమొచ్చినా కాదనలేదు నువ్వు. ఇక వెళ్ళొస్తాం తల్లీ."

ఫిలేము ఉడికిన చేమదుంపలు, కొబ్బరిపాలలో వండిన చేమాకులు తెచ్చి చాప మీద పెట్టింది. మామ్మ కళ్ళు మూసుకుని దేవుడికి దణ్ణం పెట్టుకుంది. ముగ్గురూ గోడకి వీపులానించి తిన్నారు.