జయశీల పిలిచిన స్టాఫ్

“జయా! పరిగెత్తు! మన స్టాఫ్‌నంతా పిలుచుకోనిరా!”

నాన్న కేకకు జయశీల గబగబా బయటికొచ్చింది. మధ్యాహ్నపు ఎండ మాయమైపోయింది. సముద్రం మీద నల్లటి మబ్బు లేస్తోంది.

జయశీల నాన్న పేరు సమాధానం. కృష్ణపట్నం దగ్గరి ఆ ఉప్పు కొఠారుకు సూపర్‌వైజరు. వేసవంతా మళ్లలో తీసిన ఉప్పు గట్టు మీద ఇంటెత్తు కుప్పగా పోసి ఉంది. ఇంకా తాటాకు కప్పలేదు. వాన పడిందంటే అందరి కష్టమూ కరిగి కాలువలో కలిసిపోతుంది.

ఆ రోజు ఆదివారం, కొఠారుకు సెలవు. జయశీల క్వార్టర్సుకు దూసుకెళ్లింది. గుమాస్తా రంగనాయకులును నిద్రలేపింది. టైపిస్టు విజయభాస్కర్‌నూ, ప్యూను జకరయ్యనూ పిలిచింది.

ముగ్గురినీ వెంటబెట్టుకుని వస్తుంటే, గేటు బయట ఉప్పు తీసేవాళ్లంతా గుంపుగా నిలబడి కనిపించారు. అందరి చూపులూ మబ్బు మీదే. సెలవు రోజున పిలవకుండా గేటు దాటితే ఉప్పు దొంగ కిందే లెక్క. అది కొఠారు రూలు.

గుంపులోంచి బీజాన్ ముందుకొచ్చింది. బీజాన్‌ది జయశీల క్లాసే. వాళ్లమ్మ జమాల్‌బీ కొఠారులోనే పని చేస్తుంది.

“జయా, మా అమ్మోళ్లను గూడా రమ్మన్నారా?”

“లేదు. నాన్న స్టాఫ్‌ను రమ్మన్నాడు. మీరు కూలోళ్లు గదా!”

బీజాన్ ముఖం చిన్నబోయింది. జమాల్‌బీ కూతురి భుజం పట్టుకుని వెనక్కి తిరిగింది.

కుప్ప దగ్గర నాన్న ఆ ముగ్గురినీ చూసి అదిరిపడ్డాడు.

“మిగతావాళ్లు యాడ?”

“స్టాఫ్ ఇంతే గదా నాన్నా!”

రంగనాయకులు తాటాకు మోపు ఎత్తబోయి, “అబ్బా, నా నడుము!” అంటూ కూలబడ్డాడు.

“పెన్ను అనుకున్నారా గుమాస్తాగారూ, అంత సులువుగా లేవడానికి?” అన్నాడు జకరయ్య.

నాన్న నవ్వలేదు. కోప్పడలేదు కూడా.

“ఈ కుప్ప పోసిందెవురు జయా?” అన్నాడు. అంతే.

జయశీల చెంప మీద ఒక చినుకు పడింది. మరుక్షణం ఆమె గేటు వైపు పరుగు తీసింది.

గుంపు అప్పటికే గుడిసెల దారి పట్టింది. జయశీల పిలుద్దామని నోరు తెరిచింది. ఏమని పిలవాలి? రోజూ చూసే మనుషులే. ఒక్క జమాల్‌బీ పేరు తప్ప ఇంకెవరి పేరూ తెలియదు!

“బీజాన్! ఆగు!”

“ఏంది? మేం కూలోళ్లం గదా?”

“తప్పు నాదే. అందర్నీ పిలవాల. నాకు పేర్లు తెలీవు. చెప్పవా?”

బీజాన్ ఆమెను ఎగాదిగా చూసింది. “చెప్తా. కానీ నువ్వే పిలవాల. గట్టిగా!”

బీజాన్ ఒక్కో పేరూ చెప్తుంటే జయశీల గొంతెత్తి పిలిచింది. “పోలేరయ్య మామా! రాండి!”

ముందు నడుస్తున్న మనిషి ఆగిపోయాడు.

“దరియావలి తాతా! ఏసుమణక్కా!”

గాలి మాటల్ని ఎగరేసుకుపోతోంది. జయశీల గొంతు బొంగురుపోయింది. అయినా ఆపలేదు. పిలిచిన వాళ్లు పిలిచినట్టే గేటు వైపు పరుగెత్తారు. చివరికి జమాల్‌బీ ఒక్కతే మిగిలింది.

“నేనెందుకులే, తల్లీ? మీ స్టాఫ్ వచ్చినారు గదా!”

జయశీల ఆమె దారికి అడ్డంగా నిలబడింది. “నాన్న మిమ్మల్ని గూడా పిలవమన్నాడత్తా. నాకే తెలియలా. మీరు వచ్చేదాకా నేనూ కదల్ను.”

జమాల్‌బీ ఒక క్షణం చూసింది. చీర చెంగు నడుముకు బిగించింది.

“పద పద! అది మేం తీసిన ఉప్పు!”

మోపులు చేతులు మారాయి. తాటాకులు పరుచుకున్నాయి. పోలేరయ్య కుప్ప నెత్తికెక్కి తాళ్లు విసిరితే కింద జమాల్‌బీ వాళ్లు లాగి బిగించారు. చివరి ముడి పడుతుండగా వాన దబదబా కురిసింది. చుక్క నీరు ఉప్పులోకి దిగలేదు.

అందరూ తడిసి ముద్దై షెడ్డు కిందికి చేరారు.

“జయా, స్టాఫ్‌కు టీ పెట్టించమ్మా!” అన్నాడు నాన్న.

జయశీల వానలోనే ఇంటికి పరుగెత్తింది. అమ్మ రెబెక్కమ్మ స్టాఫ్ అనగానే చిన్న గిన్నెలో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టింది.

జయశీల ఆ గిన్నె దించేసింది. క్రిస్మస్‌కు వంట చేసే పెద్ద గుండిగను మూలనుంచి ఈడ్చుకొచ్చింది.

“ఒక చెయ్యి వెయ్యమ్మా. స్టాఫ్ చాలామంది ఉండారు.”