తువ్వాలు కింద మార్కులు

"ఆ డ్రాగన్ చివర్లో చచ్చిపోదులెండి. భయపడొద్దు."

ఆదోని బస్సులో శశికాంత్ శరణ్యతో అన్న మొదటి మాట ఇది. కిటికీ పక్కన కూర్చుని ఊపిరి బిగబట్టి చదువుకుంటున్న అమ్మాయితో బుద్ధున్నవాడెవడూ ఇలాంటి మాట అనడు.

ఆమె పుస్తకం టప్పున మూసింది. "ఇంకా నూరు పేజీలుండాయి నాకు. మిమ్మల్ని అడిగినానా?"

"సారీ అండి. మీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతాంటే చూడలేక..."

"ఏడవాలనే కొన్నానండి ఈ పుస్తకం!"

శరణ్యది ఎమ్మిగనూరు. నాన్నది మగ్గం పని. ఆదోనిలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్సు చెప్పడానికి రోజూ బస్సులో వచ్చిపోతుంది. శశికాంత్ ఆదోని పత్తి వ్యాపారి ఇంద్రసేనయ్య కొడుకు. ఆ రోజు ఎమ్మిగనూరు వైపు పత్తి చూసుకుని తిరిగొస్తున్నాడు. కథ చెడగొట్టినందుకు పరిహారంగా మర్నాడు బస్టాండులో కాపు కాసి, తనకిష్టమైన అంతరిక్ష నవల ఆమె చేతిలో పెట్టాడు.

అలా మొదలైంది. అతను రాకెట్ల కథలిచ్చేవాడు, ఆమె మంత్రాల కథలిచ్చేది. ఎగిరే ఊళ్ళు, నీడల్ని బాడుగకిచ్చే పట్నాలు, చుక్క వాన పడని గ్రహాలు, అన్నీ ఆ ఏడాది ఆదోని బస్టాండులోనే చేతులు మారాయి. 'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించలేదు.

ఒక్కటే చిక్కు. ఆమె ఏ పుస్తకమిచ్చి "ఎట్లుంది?" అన్నా అతను "పర్వాలేదు" అనేవాడు. అన్నం మాని చదివిన పుస్తకానికీ అదే మాట. ఒకసారి హఠాత్తుగా వాన పడి, ఇద్దరూ ఒకే రేకు కింద నిలబడాల్సి వచ్చింది. కొత్త చీర కొంగు పిండుకుంటూ ఆమె నోరు జారి, "చీర ఎట్లుంది?" అని అడిగింది.

"పర్వాలేదు."

వారం రోజులు ఆమె పుస్తకం ఇవ్వలేదు. మంచి పనే చేసింది.

డిసెంబరు ఆఖర్లో శరణ్య సంచీ నిండా పుస్తకాలతో నేరుగా పత్తి దుకాణానికే వచ్చింది. "నీవన్నీ తెచ్చినా. జనవరి నుంచి మా ఊర్లోనే ఉద్యోగం. ఇంక బస్సు లేదు."

శశికాంత్ చేతిలోని పద్దుల పుస్తకం పక్కన పెట్టేశాడు. ఏడాదిగా దాచుకున్న మాట ఈరోజు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేడు. అయినా ఆమె తెచ్చిన పుస్తకాలు తీసి లెక్కపెట్టసాగాడు.

"పోయే ముందు ఈ ఏడాది బెస్ట్ పుస్తకమేదో తేల్చేద్దాం," అంది ఆమె. "అయిదుకి ఎన్ని మార్కులో చెప్పు. మొగమాటం వద్దు."

"అయితే మా వ్యాపారుల పద్ధతిలో. తువ్వాలు కింద చెయ్యి పట్టుకుని, ఎన్ని వేళ్ళు నొక్కితే అన్ని మార్కులు. పక్కనోళ్ళకి తెలీదు."

"ఈడ పక్కన ఎవరుండారు?"

"పత్తి బస్తాలుండాయి కదా."

నవ్వుతూ ఆమె సంచీలోంచి కొత్త తువ్వాలు తీసింది. "మా నాయన నేసినాడు. నీకనే తెచ్చినా. సరే, ముందు నీడల పట్నం కథ."

అది అతను మళ్ళీ మళ్ళీ చదివిన పుస్తకం. తువ్వాలు కింద ఆమె చెయ్యి తగలగానే ఒళ్ళు ఝల్లుమంది. రెండు వేళ్ళు నొక్కాడు.

"రెండా?" శరణ్య చెయ్యి లాక్కుంది. "నా ప్రాణం పెట్టి ఇచ్చినా ఆ పుస్తకం!" విసురుగా లేచి సంచీ భుజాన వేసుకుంది.

"శరణ్యా, ఆగు! అది అలవాటులో వచ్చింది. పత్తి నచ్చితే మొగంలో చూపియ్యకూడదని చిన్నప్పుడే నేర్పినారు నాకు. బాగా నచ్చిందాని దగ్గరే మొగం మాడ్చుకుని మొదట తక్కువ అడుగుతాం."

ఆమె గడప దగ్గర ఆగింది. "అయితే ఎగిరే ఊరి కథ?"

"పర్వాలేదన్నా కదా. అదంటే పిచ్చి నాకు."

"మరి ఆ వానరోజు చీర?"

శశికాంత్ చెవులు ఎర్రబడ్డాయి. "చీర యాడ చూసినా? నిన్నే చూస్తాంటి. నువ్వంటే నాకు చానా ఇష్టం శరణ్యా. ఇది మాత్రం తగ్గించి చెప్పే మాట కాదు."

ఆమె గడప దగ్గర్నుంచి వెనక్కి తిరిగింది. వచ్చి కూర్చుంది. తువ్వాలు సర్ది, దాని కింద అతని అయిదు వేళ్ళూ కలిపి గట్టిగా పట్టుకుంది.

"ఇది ఏ పుస్తకానికి?" అన్నాడు అతను.

"పుస్తకానికి కాదప్పా."

సరిగ్గా అప్పుడే ఇంద్రసేనయ్య లోపలికొచ్చాడు. తువ్వాలు చూశాడు, ఇద్దరి మొహాలూ చూశాడు. "ఏమ్మా, మావాడు ఎంతతో మొదలుపెట్టినాడు?"

"రెండుతో, అంకుల్."

"నా కొడుకే. కుదిరిందా మరి?"

శరణ్య సిగ్గుపడింది కానీ చెయ్యి వదల్లేదు. "ఎమ్మిగనూర్లో మగ్గం నేస్తాడు మా నాయన. ఆయన్ని కూడా అడగాల కదా అంకుల్."

"రేపే ఎమ్మిగనూరికి పోదాం. ఈ తువ్వాలు నేసింది ఆయనేనా?"

"అవును. ఎట్లుంది?"

పెద్దాయన తువ్వాలు అంచు పట్టుకుని చూశాడు. ఇంకోసారి వేళ్ళతో రాసి చూశాడు. మొహం బాగా మాడ్చుకున్నాడు.

"పర్వాలేదమ్మా," అన్నాడు.

దుకాణమంతా దద్దరిల్లేలా నవ్వారు ఇద్దరూ.