జంపయ్య కప్పు తట్టేవాడు

జంపయ్యను చంపినవాళ్లు పని తెలిసినవాళ్లు. మెడ విరిచి గోదావరిలో పడేశారు. అతను భద్రాచలం వరద హెచ్చరిక కేంద్రంలో ఆపరేటర్. అతని లాగిన్‌తోనే ఎవరో సర్వర్‌ను పాడుచేశారు, నేరం శవం మీద పడింది. అది 2006 ఆగస్టు.

"దుమ్ముగూడెం ఒడ్డున మన రాడార్ క్యాంపు ఉంది," ఫోన్‌లో గూఢచారి విభాగం చీఫ్ సాంబమూర్తి అన్నాడు. "సైంటిస్టులను వరదలో ముంచేసి, ప్రమాదమని నమ్మించాలని ఓ విదేశీ ముఠా ప్లాన్. సైరన్ మోగకుండా చేశారు. అక్కడికి రోడ్డు తెగింది, ఫోన్లూ కలవడం లేదు. సాయంత్రంలోగా సైరన్ మోగాలి, హాతీరాం."

క్యాంపు పక్కనే తండా. అక్కడ హాతీరాం చెల్లెలు సక్రి ఉంది. ఆ మాట చీఫ్‌తో చెప్పకుండానే బయలుదేరాడు.

జంపయ్య ఎలాంటివాడో కనుక్కోవడానికి, యూపీఎస్ మెకానిక్ వేషంలో ముందు దవాఖానాకు వెళ్లాడు. మార్చురీ బయట జంపయ్య భార్య కన్నమ్మ కూర్చుని ఉంది. పక్కన కాపలాగా కానిస్టేబుల్.

"ద్రోహి అంటుండ్రు తమ్మీ," అందామె. "బొగ్గుబాయిల పనిజేసినోడు. నెత్తిమీది కప్పు కూలుతదేమోనని తట్టి సూడంది అడుగు ముందటికెయ్యడు. కంప్యూటర్ కాడ గూడ గంతే. ముందుగాల పాత లెక్క తెరిచి సూసుడు, అటెన్క ముట్టుకొనుడు. నేను నవ్వేదాన్ని."

హెచ్చరిక కేంద్రం సర్వర్ రూమ్‌లో శోభారాణి ఎదురుచూస్తోంది. హెడ్డాఫీసు పంపిన డేటాబేస్ ఎక్స్‌పర్ట్. ఖరీదైన సెంటు, నల్లకళ్లద్దాలు.

"గోదారి ఎర్రగా పారుతోందా?" అంది.

"వడగట్టుకొని తాగాలె," అన్నాడు. కోడ్ సరిపోయింది.

"నీళ్లు ఎంతకొస్తే సైరన్ మోగాలో చెప్పే సెట్టింగులు వందలున్నాయి, ఏవి మార్చారో వెతికే టైమ్ లేదు. నిన్నటి బ్యాకప్ ఎక్కించేద్దాం. అంతా మామూలైపోతుంది."

"యాక్టివిటీ రిపోర్ట్ చూశాకే."

ఎవరు, ఎప్పుడు, ఏం చేశారో, మార్చకముందు అంకె ఎంతో సర్వర్ వరుసగా రాసుకునే రిపోర్ట్ అది. దాన్ని చెరిపే హక్కు ఎవరికీ లేదు. హాతీరాం దాన్ని పైనుంచి కిందిదాకా చదివాడు. జంపయ్య మార్చిన ప్రతిచోటా ముందు పాత అంకె తెరిచి చూసినట్టు ఒక లైను ఉంది. చివరిసారి మాత్రం అది లేదు. వరుసబెట్టి మార్పులే.

కన్నమ్మ మాట గుర్తొచ్చింది.

"ఇవి జంపయ్య చేసినవి కావు," అన్నాడు. "బ్యాకప్ ఈ మార్పుల తర్వాత తీశారు. విషం కలిపాక నింపిన బిందె. తీసింది నీ లాగిన్."

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ బయటికొచ్చింది. "చచ్చినవాడి అలవాట్లు నాకెవరూ చెప్పలేదు," అంది శోభారాణి.

హాతీరాం చేతిలోని టెస్టర్ మీట నొక్కాడు. మత్తుసూది ఆమె మెడలో దిగింది. ఆమె పేల్చిన తూటా గోడకు తగిలింది. ఆమె కుర్చీ మీదుగా నేలకు జారింది.

స్క్రీన్ మీద నీటిమట్టం ప్రమాదగీతకు జానెడు దూరంలో ఉంది. సెట్టింగులు మార్చే అధికారం జంపయ్య లాగిన్‌కు తప్ప వేరే దేనికీ లేదు. పాస్‌వర్డ్ చీఫ్ చెప్పాడు. రిపోర్ట్ పక్కన పెట్టుకుని చివరి మార్పుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే వెనక్కి సరిచేస్తూ వచ్చాడు. చేతులు తొందరపడుతున్నా, ప్రతిసారీ ముందు తెరిచి చూశాడు, తర్వాతే మార్చాడు.

ఆఖరి అంకె సరిచేసేసరికి నీళ్లు గీతను తాకాయి. దుమ్ముగూడెం నుంచి పట్టణం దాకా అన్ని సైరన్లూ ఒక్కసారిగా మోగాయి. క్యాంపు వాళ్లు, సక్రితో సహా తండా జనం మిట్టకెక్కారు. గుడిసెలు మాత్రం మిగల్లేదు.

దవాఖానా దగ్గర కానిస్టేబుల్ వెళ్లిపోయాడు. కన్నమ్మ ఇంకా అక్కడే ఉంది.

"సైరన్ ఎవలు మోగిచ్చిండ్రు తమ్మీ?"

"మీ ఆయనే, అక్కా. రిపోర్ట్ల గట్లనే ఉన్నది."

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. హాతీరాం ఆమె పక్కనే నేలమీద కూర్చున్నాడు.

వారం తిరక్కుండానే అతనికి హెడ్డాఫీసు మెమో అందింది: మరణించిన ఉద్యోగి లాగిన్‌ను వాడినందుకు వెంటనే సంజాయిషీ ఇవ్వవలెను.